కత్తి వదులుకున్న దేవుడు: ఫ్రేర్‌ను గేమ్ క్యారెక్టర్‌గా మలచడం ఎలా?

నార్స్ (పాతకాలపు ఉత్తర ఐరోపా) పురాణాల మీద గేమ్ అనగానే అందరి చూపూ థోర్ సుత్తి మీదకో, ఓడిన్ ఒంటికన్ను మీదకో పోతుంది. ఫ్రేర్ దగ్గర ఆగేవాళ్లు తక్కువ. వాన, ఎండ ఆయన అధీనంలో ఉంటాయని, పంట బాగా పండాలన్నా ఊరు ప్రశాంతంగా ఉండాలన్నా ఆయనకే మొక్కాలని పాతకాలపు ఐస్‌లాండ్ రచనలు చెబుతాయి. పంటల దేవుణ్ని యాక్షన్ గేమ్‌లో పెట్టమంటే చాలామంది డిజైనర్లు ఆకుపచ్చ బట్టలు తొడిగి, చుట్టూ తీగలు అల్లి, గాయాలు మాన్పే శక్తి ఒకటి ఇచ్చి ఊరుకుంటారు. అలా చేస్తే ఫ్రేర్‌కు నిజంగా అన్యాయం జరిగినట్టే. ఆయనది చేతిలో ఉన్న గొప్ప ఆయుధాన్ని ప్రేమ కోసం ఇచ్చేసి, ఆ లోటుతోనే చివరి యుద్ధానికి వెళ్లినవాడి కథ. ఆటగాడి చేతికి కంట్రోలర్ ఇచ్చి చెప్పడానికి ఇంతకన్నా మంచి కథ దొరకదని నా నమ్మకం.

గొడోట్, యూనిటీ, అన్‌రియల్‌లలో మీకు ఏ గేమ్ ఇంజిన్ అలవాటైతే అది వాడండి. కొత్తవాళ్లయితే గొడోట్ ఉచితం, ఓపెన్ సోర్స్ కూడా. నేను చెప్పే ఉదాహరణలు దానికి సరిపోతాయి.

1. ముందు మూలం చదవండి

వికీ పేజీలతో సరిపెట్టుకోకండి. ఫ్రేర్ గురించి మనకు తెలిసినదంతా దాదాపు రెండు ఎడ్డాల నుంచే వచ్చింది. ఒకటి 1270ల నాటి కోడెక్స్ రెజియస్ అనే ఐస్‌లాండ్ రాతప్రతిలోని పద్యాలు. రెండోది 1220 ప్రాంతంలో స్నోరి స్టుర్లుసన్ రాసిన గద్యం. బెలోస్ 1923లో చేసిన పద్యాల ఇంగ్లిష్ అనువాదం, బ్రోడర్ 1916లో చేసిన గద్యానువాదం నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. అన్నీ చదవక్కర్లేదు. పద్యాల్లో ‘స్కిర్నిస్మాల్’, ‘లోకసెన్నా’, స్నోరి గద్యంలో ఫ్రేర్ వచ్చే భాగాలు చాలు.

‘స్కిర్నిస్మాల్’ నలభై రెండు పద్యాలే, గంటలో అయిపోతుంది. ఓడిన్ సింహాసనం ఎక్కి లోకాలన్నీ చూస్తున్న ఫ్రేర్‌కు జోతున్‌లనే రాక్షసుల దేశంలో గెర్డ్ కనిపిస్తుంది. ఆమె చేతుల కాంతికి ఆకాశం, సముద్రం వెలిగిపోతాయి. నిద్రా మాటా మానేసిన ఫ్రేర్ తరఫున సేవకుడు స్కిర్నిర్ రాయబారానికి బయల్దేరతాడు. కూలీగా గుర్రాన్నీ, తనంతట తానే పోరాడే కత్తినీ అడిగి పుచ్చుకుంటాడు. చదివేటప్పుడు నోట్స్ రెండు వరుసలుగా రాసుకోండి: ఒకవైపు ఫ్రేర్ చేసే పనులు, ఇంకోవైపు ఇతరులు ఆయన గురించి అనే మాటలు. క్యారెక్టర్ పుట్టేది ఆ రెంటికీ మధ్య ఉన్న తేడాలోనే.

‘లోకసెన్నా’లో ఆ తేడా బాగా కనిపిస్తుంది. ఫ్రేర్ ఏ ఆడపిల్లనూ ఏడిపించడనీ, బందీల సంకెళ్లు విప్పుతాడనీ టైర్ దేవుడు మెచ్చుకుంటాడు. కత్తి ఇచ్చేశావు కదా, అగ్నిలోకమైన ముస్పెల్ కొడుకులు దండెత్తి వచ్చిననాడు దేనితో కొట్లాడతావని లోకి ఎగతాళి చేస్తాడు. ఇద్దరి మాటల్నీ మీ స్క్రిప్ట్‌లో ఉంచుకోండి.

2. గెర్డ్ విషయం ముందే తేల్చుకోండి

దీన్ని దాటేసి ముందుకు వెళ్లొద్దు. స్కిర్నిర్ మొదట బంగారు ఆపిల్స్, ఉంగరం ఇస్తానంటాడు. గెర్డ్ రెండూ వద్దంటుంది. తర్వాత తల నరుకుతానంటాడు, తండ్రిని చంపుతానంటాడు, చివరికి రూన్‌లనే పాతకాలపు అక్షరాలు చెక్కి శపించబోతాడు. అప్పుడు గానీ ఆమె ఒప్పుకోదు. దీన్ని తియ్యటి ప్రేమకథగా చూపిస్తే మూలానికీ, ఆడేవాళ్లకూ ఇద్దరికీ అబద్ధం చెప్పినట్టవుతుంది.

నా సలహా: ఆ రాయబారం లెవెల్‌ను గెర్డ్ వైపు నుంచి ఆడించండి. ఆమె తండ్రి ఇంటి ముందు కుక్కలు కట్టేసి ఉంటాయి, చుట్టూ మంటల కంచె ఉంటుంది. బయట ఎవడో దిగిన చప్పుడు విని, నేల అదురుతోందని ఆమే పనిమనిషితో అంటుంది. ఇవన్నీ పద్యంలో ఉన్నవే. బెదిరింపు ఎంత బరువైనదో ఆటగాడికి తెలియాలి. ఫ్రేర్‌కు తర్వాత ఆ సంగతి తెలుస్తుందా లేదా అన్నది మీ రచన. తెలిసేలా చేస్తేనే ఆయన మనిషిగా కనిపిస్తాడని నాకనిపిస్తుంది. టైర్ పొగడ్త నిజమా అన్న ప్రశ్న అప్పుడు ఆట మొత్తాన్నీ నడిపిస్తుంది.

3. కత్తిని తయారు చేయండి

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. కత్తి తనంతట తాను పోరాడుతుంది కాబట్టి దాన్ని ఫ్రేర్ చేతిలో ఆయుధంగా కాక విడి క్యారెక్టర్‌గా రాయండి. నాలుగు స్టేట్‌లు చాలు: యజమాని వెంట తేలుతూ రావడం, శత్రువును వెతకడం, కొట్టడం, తిరిగి రావడం.

కొట్టే ముందు అది కొద్దిసేపు ఆగి మొన తిప్పేలా చేయండి. ఆటగాడి కళ్లకు అదొక ఆలోచనలా కనిపిస్తుంది. ఊరికే తేలుతున్నప్పుడు కూడా స్థిరంగా ఉండకూడదు. ఫ్రేర్ నిలబడితే ఆయన భుజం వైపు వాలాలి, చేలోకి దిగితే వెన్నుల మీదుగా తక్కువ ఎత్తులో సాగాలి. మాటలు ఇవ్వకండి. ఒక సన్నటి లోహపు శబ్దం పెట్టి, శత్రువు దగ్గరయ్యేకొద్దీ దాని పిచ్ పెంచండి. మూడు నాలుగు లెవెల్స్ అయ్యేసరికి ఆటగాడు శత్రువును చూడకముందే ఆ శబ్దం విని సిద్ధమవుతాడు. ఆ అలవాటు పడాలి, ఎందుకంటే తర్వాత మీరు తీసేయబోయేది దాన్నే.

2022 నవంబర్‌లో వచ్చిన ‘గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్’లో శాంటా మోనికా స్టూడియో ఫ్రేర్‌ను వానాహైమ్ అనే లోకంలోని తిరుగుబాటుదారుల నాయకుడిగా చూపించింది. ఆట ఇంకా ఆడనివాళ్లు ఈ పేరా వదిలేయండి. అందులోనూ కత్తికి సొంత ప్రాణం ఉంటుంది, దాని పేరు ఇంగ్రిడ్. చివర్లో ఫ్రేర్ తనవాళ్లు తప్పించుకునేలా అడ్డంగా నిలబడి ప్రాణమిస్తాడు. ఆ దృశ్యం నాకెంతో ఇష్టం. అయినా ఆ పేరు, ఆ రూపం వాళ్ల సొంతం, మీరు తీసుకోకూడదు. పురాణం మాత్రం అందరిదీ.

4. కత్తిని ఆటగాడి చేతే ఇప్పించండి

దీన్ని కట్‌సీన్‌గా చేయకండి. స్కిర్నిర్ చెయ్యి చాపి నిలబడతాడు. స్క్రీన్ మీద బటన్ గుర్తు వస్తుంది. టైమర్ పెట్టొద్దు, ఆటగాడు అక్కడే ఎంతసేపైనా నిలబడవచ్చు. బటన్ నొక్కాక కత్తి వెళ్తూ ఒకసారి వెనక్కి తిరగాలి. అప్పటిదాకా అప్‌గ్రేడ్‌ల కోసం ఆటగాడు ఖర్చుపెట్టిన పాయింట్లు దేనికీ తిరిగి ఇవ్వకండి. ఇస్తే ఆ త్యాగానికి అర్థం ఉండదు.

తర్వాతి పోరాటం నుంచి దాడి బటన్ నొక్కినా ఖాళీ చెయ్యే కదలాలి.

5. కొమ్ముతో పోరాటం

కత్తి లేని ఫ్రేర్ బెలి అనేవాణ్ని జింక కొమ్ముతో చంపాడని స్నోరి రాశాడు. వట్టి చేతులతోనైనా చంపగలిగేవాడేనట. అంటే బలానికి లోటు లేదు, పద్ధతే మారింది. కొమ్ముకు దూరం తక్కువ, వేగం తక్కువ. అందుకే ఈ బాస్ ఫైట్‌లో దగ్గరికి వెళ్లడం, తప్పుకోవడం, శత్రువు ఆయుధాన్ని కొమ్మల మధ్య ఇరికించి తిప్పడం ప్రధానం కావాలి. ఇరికించే సమయం మొదట ఉదారంగా అర సెకను దాకా ఇవ్వండి, పరీక్షించాక తగ్గించండి.

6. పంది, ఓడ, వాన

ఫ్రేర్ పంది గుల్లిన్‌బుర్స్టి మరుగుజ్జుల పనితనం. గాలి మీదా, నీటి మీదా గుర్రం కన్నా వేగంగా పరుగెడుతుంది, దాని బంగారు వెంట్రుకల కాంతికి ఎంత చీకటి రాత్రైనా వెలుగొస్తుంది. గొడోట్‌లో పంది నోడ్ కింద ఒక పాయింట్‌లైట్ పెట్టి రాత్రి లెవెల్ కట్టేయండి, వాహనం, దీపం రెండూ అదే. ఓడ స్కిడ్‌బ్లాడ్‌నిర్ దేవతలందరినీ ఆయుధాలతో సహా మోయగలదు, పని అయ్యాక గుడ్డలా మడిచి సంచిలో పెట్టుకోవచ్చు. ఇన్వెంటరీలో ఒకే ఒక గడి ఇవ్వండి.

వానా ఎండా మాత్రం శ్రద్ధగా చేయండి. కత్తి పోయాక ఆటగాడికి మిగిలే పెద్ద శక్తి ఇదే. ఊరి పొలాలకు తేమ, వేడి అని రెండు విలువలు పెట్టి, ఫ్రేర్ వాటిని మార్చేలా చేయండి. పొలం పండితే ఆ ఊళ్లో కక్షలు తగ్గి, కాపలా వాళ్లు ఆయుధాలు దించాలి. పంటనూ శాంతినీ పాతకాలపు ఉత్తరాదివాళ్లు ఒకే మొక్కులో కోరుకునేవారు. వాళ్ల నమ్మకం మీ కోడ్‌లో కూడా పనిచేయాలి.

7. రూపం గీయండి

స్వీడన్‌లోని సోడర్‌మన్‌లాండ్‌లో 1904లో ఏడు సెంటీమీటర్ల ఎత్తున్న కంచు బొమ్మ ఒకటి దొరికింది. రెలింగె బొమ్మ అంటారు. మొనదేలిన టోపీ, చేత్తో పట్టుకున్న గడ్డం, మడిచిన కాళ్లు, నిగిడిన లింగం. ఇప్పుడది స్టాక్‌హోమ్‌లోని చరిత్ర మ్యూజియంలో ఉంది. అది ఫ్రేరే అని చాలామంది భావిస్తారు. 1070లలో బ్రెమెన్ ఆదమ్ అనే క్రైస్తవ చరిత్రకారుడు స్వీడన్‌లోని ఉప్సాలా గుడిలోని దేవుణ్ని వర్ణించిన తీరు దీనికి దగ్గరగా ఉండటం అందుకు కారణం. టోపీ, గడ్డం పట్టుకున్న భంగిమ అక్కడి నుంచి తీసుకోండి. సంతానశక్తిని చిన్నపిల్లలూ ఆడే గేమ్‌లో అంత సూటిగా చూపలేరు కనుక, ఆయన అడుగు పడినచోట నేల పచ్చబడటం, పశువులు దగ్గరికి రావడం లాంటివి వాడండి.

అలంకారానికి రూన్‌లు గీసేముందు ప్రతి గుర్తునూ వెతికి చూడండి. వాటిలో కొన్నింటిని నాజీలు తమ దళాల చిహ్నాలుగా వాడారు, ఇప్పటికీ జాతివిద్వేష ముఠాలు వాడుతున్నాయి. ఐస్‌లాండ్‌లో ఈ దేవుళ్లను ఇవాళ్టికీ కొలిచే సంఘానికి 1973లో ప్రభుత్వ గుర్తింపు వచ్చింది. మీ ఫ్రేర్‌ను వాళ్లూ చూస్తారు.

8. చివరి యుద్ధం, ఆపై పరీక్ష

దేవుళ్ల చివరి యుద్ధమైన రాగ్నరాక్‌లో ఫ్రేర్ సూర్ట్ అనే అగ్నిరాక్షసుడి చేతిలో చనిపోతాడు. గెలిచే దారి రహస్యంగా కూడా పెట్టకండి. బదులుగా, ఆటగాడు పండించిన ఊళ్లను బట్టి ఎంతసేపు నిలబడగలడో మార్చండి. ఆయన నిలబడిన ప్రతి నిమిషానికీ ఇంకొందరు బతికి బయటపడాలి.

కథ తెలియని స్నేహితుల చేత ఆడించి, నాలుగో మెట్టులోని బటన్ దగ్గర వాళ్లను గమనించండి. ఆలోచించకుండా నొక్కేస్తే కత్తి మీద వాళ్లకు మమకారం పుట్టలేదన్నమాట. అప్పుడు బటన్‌ను మార్చకండి, మూడో మెట్టుకు తిరిగి వెళ్లి కత్తితో ఇంకో రెండు లెవెల్స్ కలపండి.