పిల్లికి బాత్రూము ఇలా అలవాటు చేయండి

అపార్ట్‌మెంట్లో పిల్లిని పెంచుకునేవాళ్లకు పూలకుండీలు దక్కవు. మెత్తటి మట్టి కనబడితే చాలు, గొయ్యి తీసి పని కానిచ్చేస్తుంది. కొట్టీ తిట్టీ లాభం లేదు. తవ్వి కప్పెట్టుకోవడం దాని స్వభావం. అందుకే కమోడ్ ఎక్కించాలని చూడకండి, అక్కడ తవ్వుకోవడానికి ఏమీ ఉండదు. బాత్రూములో ఓ మూల ఇసుక తొట్టి ఉంటే చాలు.

అంచు నాలుగైదు అంగుళాలకు మించని వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టిలో జల్లించిన పొడి ఇసుక రెండు మూడు అంగుళాల మందాన పోయండి. మొదట దాన్ని బాత్రూములో కాదు, పిల్లి ఇప్పుడు పాడుచేస్తున్న చోటే పెట్టాలి. అది తడిపిన మట్టి ఒక గరిటెడు ఇసుకలో కలిపితే వాసన పట్టుకుని తానే వస్తుంది. తిన్న కాసేపటికి, నిద్ర లేవగానే ఎత్తి అందులో దించండి. కుండీల్లో మట్టి కనబడకుండా గులకరాళ్లు పరచండి. అలవాటు పడ్డాక తొట్టిని రోజుకు జానెడు చొప్పున బాత్రూము వైపు జరపండి. మధ్యలో పాత చోటికే వెళ్తోందంటే తొందరపడ్డారన్నమాట, కాస్త వెనక్కి జరపండి.

మలినం రోజూ తీసేయాలి. వారానికోసారి ఇసుక మార్చి తొట్టిని సబ్బుతో కడగండి. ఫినాయిల్ పిల్లులకు విషం.

అలవాటైన పిల్లి ఉన్నట్టుండి తొట్టి మానేసినా, మాటిమాటికీ కూర్చుని ముక్కుతున్నా మొండితనం అనుకోకండి. ముఖ్యంగా మగపిల్లికి మూత్రం అడ్డుపడితే ప్రాణం మీదికి వస్తుంది. ఆ రోజే పశువైద్యుడికి చూపించండి.