టోన్‌ఆర్మ్, కార్ట్రిడ్జ్ బిగించుకునే పద్ధతి

రికార్డు ప్లేయర్ సూది మీద బరువు తగ్గిస్తే రికార్డు ఎక్కువ కాలం మన్నుతుందని బరంపురం, పర్లాకిమిడి వైపు ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. జరిగేది దానికి ఎదురు. బరువు చాలకపోతే సూది గాడిలో కుదురుగా నిలవదు, ఎగిరి పడుతూ గోడలను చెక్కేస్తుంది. ఆ గరగర తర్వాత ఎంత మంచి సూది పెట్టినా పోదు. కంపెనీ చెప్పిన హద్దులో నడిమి నుంచి పై అంచు మధ్య ఉంచడమే క్షేమం. ఆడియో టెక్నికా వీఎం95ఈ కార్ట్రిడ్జ్‌కి (సూది అమర్చిన చిన్న పెట్టె) ఆ హద్దు 1.8 నుంచి 2.2 గ్రాములు.

ప్లగ్ తీసి, సూదికి తొడుగు వేసి పని మొదలుపెట్టండి. కార్ట్రిడ్జ్ వెనక తగిలించే నాలుగింటిలో తెల్ల వైరు ఎడమ ఛానెల్‌ది, నీలం దాని గ్రౌండ్. ఎరుపు కుడి ఛానెల్‌ది, ఆకుపచ్చ దాని గ్రౌండ్. వైరు పట్టి లాగితే తెగుతుంది. ట్వీజర్‌తో క్లిప్పునే పట్టుకోండి. స్క్రూలు రెండూ కార్ట్రిడ్జ్ కదిలేంత వదులుగా ఉంచండి.

అసలు కష్టం ఇక్కడే. ప్రొట్రాక్టర్ కాగితాన్ని (సూది సరైన చోట, సరైన కోణంలో ఉందో చూసే కొలత కాగితం) జిరాక్స్ షాపులో ప్రింట్ తీయిస్తే 'ఫిట్ టు పేజ్' తీసేయమని చెప్పండి, ఇంటికొచ్చి స్కేలుతో కొలవండి. కాస్త కుదించుకుపోయినా మొత్తం కొలత తప్పుతుంది. బేర్‌వాల్డ్ పద్ధతిలో స్పిండిల్ (రికార్డు నడిమి రంధ్రంలో దూరే ఇరుసు) నుంచి 66, 120.9 మిల్లీమీటర్ల దగ్గర రెండు బిందువులుంటాయి. రెండుచోట్లా సూది మొన బిందువు మీద పడాలి, సూదిని మోసే సన్నని కడ్డీ గీతలకు సమాంతరంగా ఉండాలి. కార్ట్రిడ్జ్ పెట్టె అంచు చూసి సరిచేయొద్దు, పెట్టె నిటారుగా ఉన్నా కడ్డీ వంకరగా ఉండొచ్చు. స్క్రూలు బిగిస్తుంటే కార్ట్రిడ్జ్ కదులుతుంది, కాబట్టి బిగించాక రెండు బిందువులూ మళ్లీ చూడండి.

ఇప్పుడు బరువు. యాంటీస్కేటింగ్ (సూది రికార్డు లోపలి వైపు జారకుండా ఆపే సర్దుబాటు) సున్నాలో పెట్టి, తొడుగు తీసి, సూది దేనికీ తగలకుండా టోన్‌ఆర్మ్ (సూదిని మోసే పొడవాటి చెయ్యి) గాలిలో సమంగా తేలేదాకా వెనక బరువు తిప్పండి. తర్వాత అంకెల రింగును మాత్రమే సున్నాకు తెచ్చి, బరువు మొత్తాన్ని 2కు తిప్పండి. రింగు మీది అంకెను పూర్తిగా నమ్మకూడదు. బంగారం కొట్లో వాడే 0.01 గ్రాము త్రాసు దొరికితే సరిచూసుకోండి. త్రాసు పళ్లెం ఇనుముదైతే కార్ట్రిడ్జ్‌లోని అయస్కాంతం దాన్ని లాగి అంకె తప్పు చూపుతుంది. సూది ఆనే చోటు రికార్డు ఎత్తులోనే ఉండాలి.

యాంటీస్కేటింగ్‌ను బరువు అంకెకే పెట్టండి. కుడి స్పీకర్‌లో మాత్రమే 'స' అక్షరం చీలుతుంటే కొంచెం పెంచండి. చెయ్యి రికార్డుకు సమాంతరంగా ఉండాలి. వెనక పైకి లేస్తే శబ్దం పలచబడి గుచ్చుకుంటుంది, కిందికి దిగితే ముద్దగా వస్తుంది.

ఇంట్లో 78 ఆర్‌పీఎం లక్క రికార్డులుంటే ఈ సూది వాడొద్దు. వాటి గాడి వెడల్పు, సన్న సూది అడుగుకు దిగి బుసబుసమంటుంది. 3 మిల్ (అంగుళంలో వెయ్యో వంతు ఒక మిల్) సూది కావాలి. ఆ రకం సూదున్న వీఎం95ఎస్‌పీ అయితే బరువు 5 గ్రాములు.

గోపాలపూర్ ఉప్పుగాలికి క్లిప్పులు చిలుము పడితే ఒక ఛానెల్ వచ్చి పోతుంటుంది. ఏటా వానలు వెలిశాక క్లిప్పులు తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక తొడగండి. గుయ్‌మనే హమ్ వస్తే టర్న్‌టేబుల్ గ్రౌండ్ వైరు ఆంప్లిఫైయర్ స్క్రూకు గట్టిగా బిగిసిందో లేదో ముందు చూడండి.