వరద సాయం: అప్లికేషన్ సంగతి తర్వాత, ముందు లిస్టులో పేరు పడాలి

వరద వచ్చి వెళ్ళిన రెండో రోజు నుంచి వాట్సాప్‌లో ఒకటే ప్రశ్న, సాయానికి ఎక్కడ అప్లై చేయాలి, లింకు ఉంటే పంపండి అని. చాలాసార్లు లింకు ఉండదండీ. పెన్షన్‌కో రేషన్ కార్డుకో పెట్టుకున్నట్టు పెట్టుకునేది కాదిది. నీళ్ళు తగ్గాక రెవెన్యూ వాళ్ళో సచివాలయం స్టాఫో, టౌన్‌లో అయితే మున్సిపాలిటీ వాళ్ళో ఇంటింటికీ వచ్చి నష్టం రాసుకుంటారు, దాన్నే ఎన్యూమరేషన్ అంటారు, అందులో పేరున్నవాళ్ళకే డబ్బులు పడతాయి, లేకపోతే తర్వాత అర్జీ పట్టుకుని చెప్పులు అరిగేలా తిరగాలి.

అందుకే ఇల్లు కడగడానికి తొందరపడకండి. నీళ్ళు ఎంత ఎత్తు నిలిచాయో గోడ మీద మట్టి గీత పడుతుంది చూడండి, అదే మీ సాక్ష్యం. దాని పక్కన మనిషిని నిలబెట్టి ఫోటో తీయండి, మోకాలి దాకా వచ్చిందా నడుం దాకా వచ్చిందా చూడగానే తెలియాలి, ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి డోర్ నంబర్ కనపడేలా ఇంకోటి, పాడైపోయిన ఫ్రిజ్జూ మంచాలూ బయట పడేసే ముందు ఇంకోటి. నేను చేసిన తప్పు ఇదే, ఫినాయిల్ వేసి అద్దంలా కడిగి పెట్టుకున్నా, మూడో రోజు రాసుకోడానికి వచ్చినాయన గుమ్మంలోంచే చూసి మీ ఇంట్లోకి పెద్దగా రాలేదుగా అన్నాడు. బీరువా జరిపి చూపిస్తే వెనక గోడ మీద గీత అలాగే ఉంది, అప్పుడు గానీ పెన్ను తీయలేదు.

వాళ్ళు వచ్చినప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి. తాళం వేసి చుట్టాలింటికి వెళ్ళిన ఇళ్ళే ఎక్కువగా లిస్టులోంచి జారిపోతాయి. పునరావాస కేంద్రంలో ఉంటే కనీసం పక్కింటివాళ్ళకి మీ ఫోన్ నంబర్ ఇచ్చి రండి.

ఇంకోటి, రాసుకుని వెళ్ళిపోతుంటే ఊరుకోవద్దు, ఇల్లు పూర్తిగా పోయిందన్న కాలమ్‌లో రాశారా, కొంత దెబ్బతిందన్న కాలమ్‌లో రాశారా అడగండి. స్టేట్ డిజాస్టర్ రెస్పాన్స్ ఫండ్, అంటే విపత్తు సాయానికి రాష్ట్రం దగ్గర ఉండే నిధి, దాని కోసం కేంద్రం 2022-23 నుంచి 2025-26 వరకు ఇచ్చిన రేట్లలో ఇల్లు పూర్తిగా పోతే మైదాన ప్రాంతంలో 1,20,000 రూపాయలు, కొండ ప్రాంతంలో 1,30,000, అదే పక్కా ఇల్లు కొంత దెబ్బతింటే 6,500, కచ్చా ఇల్లయితే 4,000, అదీ కనీసం 15 శాతం దెబ్బతింటేనే. గుడిసె పోతే 8,000. అంటే పూర్తిగా అనే మాటకీ కొంత అనే మాటకీ మధ్య లక్ష రూపాయల పైన తేడా, గోడలు పగిలి పడిపోడానికి సిద్ధంగా ఉన్న ఇంటిని బయట నుంచి చూసి కొంత అని రాసేస్తే మీరు నోరు తెరవాల్సింది అప్పుడే. ఇల్లు కొట్టుకుపోయినా, పూర్తిగా పడిపోయినా, రెండ్రోజులకు మించి బాగా మునిగి ఉన్నా కుటుంబానికి బట్టలకి 2,500, వంటసామాన్లకి 2,500 వేరేగా ఉంటాయి. రాష్ట్రం దీనికంటే ఎక్కువ ఇవ్వొచ్చు, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదప్పుడు విజయవాడలో గ్రౌండ్ ఫ్లోర్ మునిగిన ఇంటికి 25,000, పై ఫ్లోర్ల వాళ్ళకి 10,000 ప్రకటించారు. కాబట్టి ఆ విపత్తుకి వచ్చిన జీవో ఏం చెప్తుందో అదే లెక్క. అద్దెకున్నవాళ్ళు కూడా వెనక్కి తగ్గొద్దు, గోడలు ఓనర్‌వి అయినా తడిసిన సామాను మీదే కదా, మీ పేరు మీరే రాయించుకోండి.

ఇక డబ్బులు పడేది చాలావరకు ఆధార్‌కి సీడింగ్ అయిన, అంటే సర్కారు డబ్బులు పడడానికి ఆధార్ నంబర్‌తో ముడిపెట్టిన అకౌంట్‌లో. ఇక్కడే సగం మంది బోల్తా పడతారు. బ్యాంకులో ఆధార్ జిరాక్స్ ఇచ్చినంత మాత్రాన సీడింగ్ అయినట్టు కాదు, మీకు మూడు అకౌంట్లుంటే చివరిసారి దేనికి సీడింగ్ చేయించారో దాంట్లోకే వెళ్తుంది, అది ఎప్పుడో వదిలేసిన అకౌంట్ అయితే డబ్బులొచ్చినా మీకు తెలీదు. మై ఆధార్ సైట్‌లో ఓటీపీతో లాగినై బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూసుకోండి, రెండు నిమిషాల పని. కాగితాలు నీళ్ళలో పోయాయని కంగారొద్దు, ఫోన్ నంబర్ లింకై ఉంటే ఈ-ఆధార్ మళ్ళీ డౌన్‌లోడ్ అవుతుంది.

పైన చెప్పిన కేంద్రం రేట్లలోనే మనిషి చనిపోతే 4 లక్షలు, దానికి తహసీల్దార్ ఆఫీసులో పెట్టుకోవాలి, ఎఫ్ఐఆర్, పోస్ట్‌మార్టం రిపోర్ట్, డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ రెడీ చేసుకోండి. పాడి గేదె, ఆవు పోతే 37,500, గొర్రె, మేకకి 4,000, కానీ పూడ్చేసే ముందు పశువుల డాక్టర్‌ని పిలిచి సర్టిఫికెట్ రాయించుకోవాలి, పూడ్చాక ఎవరూ రాయరు. పంట అయితే 33 శాతం ఆ పైన పోయుండాలి, నీటి వసతి ఉన్న పొలానికి హెక్టారుకి 17,000, వర్షాధారానికి 8,500, రైతుకి రెండు హెక్టార్ల వరకే. ఫసల్ బీమా కట్టినవాళ్ళకి అది పూర్తిగా వేరే దారి, పొలం మునిగిన 72 గంటల్లోపు పంటల బీమా హెల్ప్‌లైన్ 14447కి ఫోన్ చేసి చెప్పాలి. వీఆర్వో రాసుకెళ్ళాడు కదా అని కూర్చుంటే బీమా పోతుంది.

రాసుకోవడం అయ్యాక లిస్టు సచివాలయం దగ్గరో పంచాయతీ ఆఫీసు దగ్గరో అంటిస్తారు. ఫోన్‌లో ఎవరో చెప్పారని కాకుండా మీరే వెళ్ళి చూడండి, పేరుతో పాటు ఆధార్ చివరి నాలుగంకెలు కూడా. పేరు లేకపోతే ఒక తెల్లకాగితం మీద డోర్ నంబర్, నీళ్ళొచ్చిన తేదీ, పోయిన సామాన్లు రాసి ఫోటోలు జతచేసి తహసీల్దార్ ఆఫీసులో ఇవ్వండి, అక్కడ కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. ఎక్కడిచ్చినా రెండో కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోండి, వేయమంటే కాస్త విసుక్కుంటారు, అయినా వేసేదాకా కౌంటర్ దగ్గరే నిలబడండి.