బత్తాయి రసంతో మిమోసా: ఆదివారం పూట బెజవాడ ఇంట్లో చేసుకునే విధానం

ఆదివారం పొద్దున పదిన్నర, పదకొండు గంటల వేళ టిఫినూ భోజనమూ కలిపి ఒకేసారి కానిచ్చే అలవాటు ఇప్పుడు విజయవాడ, గుంటూరు ఇళ్లలోకీ వచ్చింది. అలాంటి పూట నలుగురు పెద్దవాళ్లు తీరిగ్గా కూర్చుని తాగడానికి, మరీ ఘాటు లేకుండా నోటికి హాయిగా ఉండే పానీయం మిమోసా. నారింజ జాతి పండ్ల రసాన్ని బుడగలొచ్చే వైన్‌తో, అంటే స్పార్క్లింగ్ వైన్‌తో కలిపితే అదే మిమోసా. మన తుమ్మచెట్టుకు బంధువైన ఒక చెట్టు పసుపు పచ్చని గుండ్రని పూలు పూస్తుంది. ఆ పూల పేరే గ్లాసులోని రంగుకు వచ్చింది. లండన్‌లోని బక్స్ క్లబ్‌లో 1921లో పుట్టిన బక్స్ ఫిజ్ దీనికి అక్క వరస. అందులో రెండు పాళ్ల వైన్‌కు ఒక పాలు రసం పోస్తారు. మిమోసాలో రెండూ సమపాళ్లు.

ఈ సమపాళ్ల లెక్కను ఉన్నదున్నట్టుగా తెచ్చి మన బత్తాయికి వర్తింపజేస్తే పానీయం చప్పబడిపోతుంది. పాశ్చాత్య దేశాల్లో వాడే ఆరెంజ్‌లో తీపితోపాటు చురుకైన పులుపు ఉంటుంది. ఆ పులుపే వైన్‌కు దీటుగా నిలబడుతుంది. బత్తాయిలో పులుపు తక్కువ, తీపి మెత్తన. కాబట్టి బత్తాయితో చేసేటప్పుడు పాళ్లను బక్స్ ఫిజ్ వైపు జరపాలి, తగ్గిన పులుపును నిమ్మకాయతో పూరించాలి. నేను స్థిరపరచుకున్న కొలత గ్లాసుకు 90 మి.లీ. వైన్, 45 మి.లీ. రసం. 750 మి.లీ. సీసా ఒకటి ఎనిమిది గ్లాసులకు వస్తుంది. వాటికి సుమారు 360 మి.లీ. రసం కావాలి. మధ్యరకం బత్తాయి కాయ 60 నుంచి 80 మి.లీ. రసం ఇస్తుంది కనుక ఆరు కాయలు, వాటికి తోడు ఒక నిమ్మకాయ చాలు. తెనాలి నిమ్మకాయ అంత దగ్గర్లో దొరికే మనకు సీసాల్లో అమ్మే నిమ్మరసంతో పని లేదు. శీతాకాలంలో కమలాలు వచ్చినప్పుడు మాత్రం బత్తాయిని పక్కన పెట్టి కమలాలే వాడండి. వాటిలో పులుపూ పరిమళమూ రెండూ ఉంటాయి కాబట్టి నిమ్మ సగం సరిపోతుంది.

రైతు బజారులో బత్తాయి ఏరేటప్పుడు రంగు చూసి మోసపోవద్దు. తొక్క పచ్చగా ఉన్నా లోపల పండిన కాయలు ఎన్నో ఉంటాయి. ఒకే పరిమాణంలో ఉన్న రెండు కాయలను రెండు చేతుల్లో పట్టుకుని చూస్తే బరువైనది ఏదో తెలిసిపోతుంది, అది తీసుకోవాలి. తొక్క నునుపుగా, పల్చగా ఉండాలి. గరుకుగా, దళసరిగా ఉన్న కాయ చూడటానికి పెద్దదే గానీ దానిలో పీచే ఎక్కువ.

రసం విషయంలో నేను చేసిన తప్పు మీరు చేయకూడదని ఇక్కడ చెబుతున్నాను. మొదటిసారి పటమటలో మా పిన్ని గారింట్లో ఈ పానీయం చేసినప్పుడు, పొద్దున హడావుడి ఉండకూడదని ముందు రోజు రాత్రే డజను బత్తాయిలు పిండి, జాడీలో పోసి ఫ్రిజ్‌లో పెట్టాను. రాత్రి రుచి చూసినప్పుడు తేనెలా ఉన్న రసం తెల్లవారేసరికి నాలుక వెనక భాగాన్ని పట్టుకుని వదలని చేదుగా మారింది. పిన్ని ఒక గుక్క తాగి గ్లాసు మెల్లగా బల్ల మీద పెట్టి, "కాకరకాయ రసంలా ఉంది నాన్నా" అన్నారు. దానికి కారణం తరువాత తెలిసింది. బత్తాయి తొనల పొరల్లో చేదు లేని ఒక పదార్థం ఉంటుంది. పండు పిండగానే అది రసంలోని ఆమ్లంతో కలిసి, మెల్లమెల్లగా లిమోనిన్ అనే చేదు పదార్థంగా మారుతుంది. ఫ్రిజ్‌లో పెడితే ఆ మార్పు నెమ్మదిస్తుందే గాని ఆగదు. అందువల్ల అతిథులు బల్ల దగ్గర కూర్చున్నాకే పండు కోయాలి. ఈ పానీయంలో వైన్ ధర కంటే ఈ నియమమే ముఖ్యమని నా గట్టి నమ్మకం. ఎంత ఖరీదైన సీసా తెచ్చినా రాత్రి పిండిన రసం దానిని చెడగొడుతుంది. మామూలు సీసాను అప్పుడే పిండిన రసం నిలబెడుతుంది.

పిండటానికి మిక్సీ వాడవద్దు. అది గింజలను, తెల్లటి పీచును నలగ్గొట్టి చేదును మొదటి నిమిషంలోనే తెస్తుంది. కాయను అడ్డంగా కోసి, చేత్తో తిప్పే పాతకాలపు గాజు పిండేదానిమీద, తొక్క అంచు తగిలేదాకా నొక్కకుండా తేలిగ్గా పిండాలి. ఆ రసాన్ని టీ వడకట్టే జల్లెడలో ఒకసారి, పల్చటి నూలు గుడ్డలో మరొకసారి వడకట్టాలి. గుజ్జు ఆరోగ్యానికి మంచిదని వదిలేయాలనిపిస్తుంది గానీ ఇక్కడ అది పనికిరాదు. ప్రతి నలుసు చుట్టూ బుడగలు చేరి, నురగ పొంగి, వైన్‌లోని గ్యాసంతా బయటికి పోతుంది. మనం బత్తాయి రసంలో అలవాటుగా వేసుకునే పంచదారా ఉప్పూ గ్లాసులో వేస్తే ఇంకా ఎక్కువగా పొంగుతుంది. అయితే మొత్తం రసానికి రెండు వేళ్లతో పట్టే ఉప్పులో సగం, వైన్ తగలకముందే రసంలో పూర్తిగా కరిగిస్తే, మిగిలిన కాస్త చేదు నోటికి తెలియదు. నిమ్మరసం కూడా అప్పుడే కలిపి, గిన్నెను ఐసు మీద పెట్టుకోవాలి.

వైన్ కొనేటప్పుడు సీసా మీద బ్రూట్ అని ఉన్నది తీసుకోండి. లీటరుకు 12 గ్రాములకు మించని చక్కెర ఉన్న వైన్‌కు ఆ పేరు పెడతారు. తీపి పని బత్తాయి చూసుకుంటుంది. మహారాష్ట్రలోని నాసిక్ ప్రాంతంలో తయారయ్యే సులా, షాండన్ బ్రూట్‌లు ఈ పనికి చక్కగా సరిపోతాయి. ఫ్రాన్స్ షాంపేన్ తెచ్చి రసంలో కలపడం డబ్బు దండగ. వేసవిలో ఒక జాగ్రత్త తప్పనిసరి. మే నెల బెజవాడ ఎండలో సీసాను కారులో వదిలి వెళ్లకండి. సీసాలో ఒత్తిడి వాతావరణ పీడనానికి సుమారు 5, 6 రెట్లు, కారు టైరులోని గాలి కంటే రెట్టింపు పైన ఉంటుంది. వేడికి అది ఇంకా పెరుగుతుంది.

సీసా 6 నుంచి 8 డిగ్రీల చల్లదనానికి రావాలి. ఫ్రిజ్ కింది అరలో నాలుగు గంటలు పెడితే చాలు. వ్యవధి లేకపోతే బకెట్‌లో సగం ఐసు, సగం నీళ్లు, రెండు గుప్పెళ్ల కల్లుప్పు వేసి మెడ దాకా ముంచితే అరగంటలో పని అవుతుంది. ఉత్త ఐసు ముక్కల మధ్య పెడితే సందుల్లో గాలి నిలిచి ఆలస్యమవుతుంది. ఫ్రీజర్‌లో పెట్టి మరిచిపోతే సీసా పగలవచ్చు. చల్లదనం రుచికోసమే కాదు; వెచ్చని వైన్ గ్యాసును నిలుపుకోలేదు, బిరడా తీయగానే సగం సీసా నేలపాలవుతుంది.

బిరడా తీయడంలో తొందర పనికిరాదు. పైన ఉన్న రేకు తీసేసి, బొటనవేలు బిరడా మీద నొక్కి ఉంచి, తీగ బుట్ట చెవిని ఆరు అరచుట్లు తిప్పితే అది వదులవుతుంది. తీగను పూర్తిగా తీయకుండా, దానితో సహా బిరడాను ఎడమచేత్తో గట్టిగా పట్టుకోండి. సీసాను మనుషులూ దీపాలూ లేని వైపుకు ఏటవాలుగా వంచి, కుడిచేత్తో అడుగుభాగం పట్టుకుని సీసానే మెల్లగా తిప్పాలి; బిరడాను తిప్పకూడదు. కొద్దిసేపటికి బిరడా తనంతట తాను అరచేతిలోకి తోసుకురావడం తెలుస్తుంది. అప్పుడు దానిని లాగకుండా, ఎదురు నొక్కుతూ రానివ్వాలి. నిద్రలో పిల్లలు వదిలే ఊపిరంత చిన్న శబ్దంతో అది ఊడివస్తే మీరు సరిగ్గా చేసినట్టు. పెళ్లి పందిట్లో లాగా ఢామ్మని పేల్చితే పోయేది గ్యాసే.

గ్లాసులు సన్నగా పొడుగ్గా ఉంటే బుడగలు ఎక్కువసేపు నిలుస్తాయి. లేకపోతే మామూలు వైన్ గ్లాసులు చాలు, స్టీలు గ్లాసులు మాత్రం వద్దు, రంగు చూడకుండా తాగితే సగం ఆనందం పోతుంది. గ్లాసును వంచి, లోపలి గోడ వెంట ముందు వైన్ పోయాలి. నురగ అణిగాక రసాన్ని కూడా అలాగే గోడ వెంట జారవిడవాలి. రసం బరువైనది కాబట్టి తానే కిందికి దిగి కలిసిపోతుంది. చెంచా పెట్టి తిప్పితే గ్యాసు పోతుంది. చివరగా, బాగా కడిగి తుడిచిన కమలా తొక్క ముక్కను (లేనప్పుడు బత్తాయిదే) రంగు వైపు గ్లాసుకు పెట్టి, కిటికీ వెలుగులో రెండు వేళ్ల మధ్య చటుక్కున మడవండి. మంచు తుంపర లాంటి సన్నని నూనె గ్లాసు మీద పడటం కంటికి కనిపిస్తుంది. తొలి గుక్కకు ముందే ముక్కుకు తగిలే పరిమళం ఆ తుంపరదే.

దీని పక్కన ఏం వడ్డించాలన్నది మన ఊళ్లలో ఆలోచించవలసిన విషయం. గ్యాసూ మద్యమూ రెండూ మిరపకాయ మంటను పెంచుతాయి. కాబట్టి గుంటూరు కారంతో ఎర్రగా చేసిన వేపుడు పక్కన మిమోసా పెడితే నోరు భగ్గుమంటుంది. పెసరట్టు ఉప్మా, నేతి ఇడ్లీ, జీడిపప్పు వేసిన పొంగలి బాగా కుదురుతాయి. అల్లం పచ్చడిని కొంచెం బెల్లం ఎక్కువ వేసి చేసుకోండి. కారం వంటకం తప్పనిసరైతే గ్లాసులో రసం 60 మి.లీ.కు పెంచి, వైన్ 75 మి.లీ.కు తగ్గించాలి.

12 శాతం మద్యం ఉన్న వైన్‌తో చేసినప్పుడు నా కొలత గ్లాసులో సుమారు 8 శాతం ఉంటుంది. ఇది పండ్లరసంలా తేలిగ్గా దిగుతుంది కనుక లెక్క తప్పే ప్రమాదం ఉంది. ఒక్కొక్కరికి రెండు గ్లాసులతో ఆపండి, తాగినవారు ఆ పూట బండి నడపకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో 21 ఏళ్లు నిండని వారికి మద్యం ఇవ్వడం చట్టవిరుద్ధం. పిల్లలకూ, మందులు వాడేవారికీ, తాగని పెద్దలకూ ఇదే రసాన్ని గోలీ సోడాతో చేసి ఇవ్వవచ్చు. సోడాకు వైన్‌లోని పులుపు ఉండదు కాబట్టి సమపాళ్లు తీసుకుని గ్లాసుకు అర చెంచా నిమ్మరసం అదనంగా వేయాలి. తొక్క తుంపర, సన్నని గ్లాసు మాత్రం వారికీ అలాగే ఉండాలి. సీసాలో వైన్ మిగిలితే నొక్కి బిగించే మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, మర్నాటికల్లా వాడేయండి. ఆ రోజుకు బత్తాయిలు మళ్లీ కొత్తగా పిండుకోవాలి.