సమాధుల తోటలో పేరు రాళ్ళు నిలవాలంటే

నవంబర్ 2, సమాధుల పండుగ దగ్గర పడుతుందంటే గుంటూరు చుట్టుపక్కల ఊళ్ళలో సమాధుల తోటలకి ఒక్కసారిగా జనం వచ్చేస్తారు. ఏడాదంతా అటు తొంగి చూడనివాళ్ళు కూడా పార, బకెట్, సున్నం డబ్బా పట్టుకుని దిగుతారు, హైదరాబాద్ నుంచి పిల్లలు వస్తారు, ఎవరో ఒకరు జేసీబీ మాట్లాడతారు, సాయంత్రానికల్లా తోట శుభ్రం. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ మన ఊళ్ళలో పాత సమాధి రాళ్ళకి దొంగలకంటే, వానలకంటే ఎక్కువ దెబ్బ ఆ రెండు రోజుల హడావుడిలోనే తగులుతుందని నా అభిప్రాయం. పైగా అక్టోబర్ ఆఖరు అంటే ఇంకా తుఫాన్లు పోని కాలం, నేల మెత్తగా ఉంటుంది, మనిషి ఆనుకుంటే చాలు రాయి ఒరిగిపోతుంది. కాబట్టి పండుగ ముందు గడ్డి కోయడం, పూలు పెట్టడం, కొవ్వొత్తులు వెలిగించడం వరకే ఉంచుకుని, అసలు మరమ్మతు పని డిసెంబర్, ఫిబ్రవరి మధ్యలో పెట్టుకోండి.

రాయి మీద చెయ్యి వేసే ముందు ఫోన్ తీయండి. ప్రతి రాయికీ మొత్తం కనిపించేలా ఒక ఫోటో, అక్షరాలు చదవగలిగేలా దగ్గర్నుంచి ఒకటి, వెనక వైపు ఒకటి, పక్క సమాధులతో కలిపి ఇంకొకటి. ఈ చివరిది చాలామంది వదిలేస్తారు, తీరా రాయి పడిపోయాక అది ఏ సమాధిదో తేల్చడానికి పనికొచ్చేది అదే. పొద్దున్నే గానీ ఎండ వాలాక గానీ తీయండి, వెలుగు పక్కనుంచి పడితే అరిగిపోయిన అక్షరాలు కూడా నీడతో లేచి కనిపిస్తాయి, మిట్టమధ్యాహ్నం తీస్తే తెల్లటి పలక తప్ప ఏమీ రాదు. మధ్యాహ్నమే వీలైతే ఒకరు గొడుగుతో రాయికి నీడ పట్టండి, ఇంకొకరు ఇంట్లో అద్దం తెచ్చి ఎండని పక్కవాటుగా రాయి మీదికి మళ్ళించండి. అక్షరాలు బాగా కనపడాలని సుద్ద, పిండి, పసుపు రుద్దడం మాత్రం వద్దు, అవి సన్నటి గీతల్లో ఇరుక్కుని మళ్ళీ రావు, పిండైతే బూజు పట్టిస్తుంది.

తర్వాత ఒక పుస్తకం పెట్టి గేటు దగ్గర్నుంచి వరసల ప్రకారం నంబర్లు వేసుకోండి. నంబరు పుస్తకంలోనే, రాయి మీద పెయింటుతో కాదు. పేరు, తేదీలు చెక్కినవి చెక్కినట్టే రాయండి, తప్పున్నా సరే దిద్దకండి. గుంటూరులో లూథరన్ మిషన్ పని 1842లో ఫాదర్ హయ్యర్ రాకతో మొదలైంది, అలా పాతబడిన సంఘాలున్న ఊళ్ళలో ఒకే ఇంటి నాలుగైదు తరాలు ఒకే తోటలో ఉండొచ్చు. చర్చిలో ఉన్న సమాధుల రిజిస్టరు చెదలు తినేస్తే ఆ మనిషి పుట్టిన ఏడు, పోయిన ఏడు చెప్పేది ఇక ఆ రాయి ఒక్కటే. రిజిస్టరు బతికుంటే దాన్ని కూడా పేజీ పేజీ ఫోటో తీసి, ఒక కాపీ ఊళ్ళో, ఒక కాపీ బయట ఉన్నవాళ్ళ దగ్గర పెట్టండి.

ఇప్పుడు రాయి సంగతి. మన వైపు తోటల్లో ఎక్కువగా కనిపించేవి నాపరాయి, పాలరాయి, గ్రానైటు, ఇంకా ఇటుక, సున్నంతో కట్టి మధ్యలో పేరు పలక పొదిగిన పాత సమాధులు. నాపరాయి పల్నాడు సరుకు, అది సున్నపురాయే. పాలరాయి కూడా అదే జాతి. నల్లగా మెరిసే గ్రానైటు ప్రకాశం జిల్లా చీమకుర్తి వైపు క్వారీల నుంచి వస్తుంది, దానికి మనం పెద్దగా చేయాల్సింది ఏమీ ఉండదు, నీళ్ళతో కడిగితే చాలు. జాగ్రత్తంతా మొదటి రెండింటి మీదే. ఎందుకంటే మన జనం చేతికి ముందు అందేది బాత్రూం యాసిడ్. నాపరాయి మీద, పాలరాయి మీద యాసిడ్ పోస్తే బుస్సున నురగ వస్తుంది చూడండి, మురికి పోతోందని సంబరపడతారు గానీ ఆ నురగ రాయి కరిగిపోతున్నందుకు వచ్చేది, అందులో అక్షరాల అంచులు కూడా పోతున్నాయి. నిమ్మకాయ, చింతపండు కూడా పులుపే, అవి కూడా వద్దు. బ్లీచింగ్ పౌడరు వేస్తే మొదట తెల్లబడుతుంది, తర్వాత దాని ఉప్పు రాయి లోపలికి దిగి ఎండినప్పుడల్లా పైపొరని పెచ్చులుగా ఊడగొడుతుంది.

మరి ఎలా కడగాలి? మంచినీళ్ళు, మెత్తటి ప్లాస్టిక్ బ్రష్, ఓపిక. ముందు రాయిని బాగా తడిపి పావుగంట వదిలేయండి, నాచు నానుతుంది. తర్వాత కింద నుంచి పైకి రుద్దుకుంటూ వెళ్ళండి, పైనుంచి మొదలుపెడితే మురికి నీళ్ళు పొడి రాయి మీద కారి చారలు పడతాయి. రుద్దినంతసేపూ నీళ్ళు పోస్తూనే ఉండాలి. మొండి నాచుని వెదురు పుల్లతోనో ఐస్‌క్రీం పుల్లతోనో గీకండి, ఇనుప బ్రష్, స్క్రబ్బర్, బ్లేడు దగ్గరికి రానివ్వకండి. బండ్లు కడిగే ప్రెషర్ పంపు అస్సలు వద్దు. పొలంలో మందు కొట్టే పంపుతో నీళ్ళు చల్లుదామనే ఆలోచన కూడా మానుకోండి, అందులో మందు ఎంతోకొంత మిగిలే ఉంటుంది. గోటితో తడితే బోలుగా చప్పుడు వచ్చే రాయి, పైపొర లేచిపోతున్న రాయి ఉంటే వాటిని కడగొద్దు, ఫోటో తీసి వదిలేయండి. మరకలు మొత్తం పోకపోయినా ఏం కాదండీ, పాతరాయి పాతగా కనపడితే తప్పేముంది. నాలుగైదేళ్ళకొకసారి కడిగితే చాలు.

కొవ్వొత్తుల మైనం వేరే గొడవ. రాయి మీద నేరుగా అంటించకుండా మట్టి మూకుడులో ఇసుక పోసి అందులో గుచ్చమని అందరికీ చెప్పండి. కారిన మైనాన్ని వేడినీళ్ళతో కరిగిస్తే ఇంకా లోపలికి పోతుంది, గట్టిపడ్డాక కర్రముక్కతో లేపడమే మేలు.

రంగుల విషయంలో మా ఊరి పెద్దలతో నాకు ఎప్పుడూ పేచీయే. ఇటుక, సున్నంతో కట్టిన పాత సమాధికి సున్నం వేయడం మంచి పద్ధతి, సున్నం గోడలో చెమ్మని బయటికి పోనిస్తుంది, ఎండా వానా ముందు తాను తిని లోపలున్న కట్టడాన్ని కాపాడుతుంది. చెడ్డదల్లా ఎనామిల్ పెయింటు. ఏడాదికో కోటు చొప్పున వేస్తూ పోతే లోపల చెమ్మ బయటికి రాలేక పూత మొత్తం రాయితో సహా ఊడొస్తుంది. సున్నం వేసేటప్పుడు కూడా పేరు పలకని తడిగుడ్డతో కప్పండి, లేకపోతే అక్షరాలు పూడిపోతాయి. పాత సున్నపు కట్టడంలో పగుళ్ళు వస్తే తాపీ మేస్త్రి సిమెంటు కలుపుతానంటాడు, ఒప్పుకోకండి. సిమెంటు గట్టిది, చుట్టూ ఉన్న పాత ఇటుక మెత్తది, కొన్నేళ్ళకి సిమెంటు నిలిచి ఇటుక రాలిపోతుంది. డంగు సున్నం, ఇసుక కలిపి పూడ్చే మేస్త్రిని వెతకండి, పాత గుళ్ళకి పని చేసినవాళ్ళలో దొరుకుతారు. ఇవాళ పని అయితే వారం రోజులు తడి గోనె కప్పి ఉంచాలి.

చెట్ల దగ్గరికి వస్తే, సర్కారు తుమ్మ కంటే రావి మొక్క ప్రమాదం. పిట్టలు వేసిన గింజ పగుల్లో మొలిచి, కొన్నేళ్ళలో సమాధిని రెండుగా చీలుస్తుంది. చిటికెన వేలంత ఉన్నప్పుడు, వాన పడిన మర్నాడు చేత్తో పీకేయొచ్చు. ముదిరిందా, ఇక పీకకండి, వేరుతోపాటు ఇటుకలు వస్తాయి. మొదలు దగ్గర కోసేసి, చిగురు వేసినప్పుడల్లా కోస్తూ పోవాలి, అది చచ్చాక పగులు పూడ్చుకోవాలి. గడ్డి కొడవలితో కోయండి, రాళ్ళ చుట్టూ గడ్డి మందు కొట్టకండి, మంట అసలే పెట్టకండి. పత్తి కట్టె, మిరప కట్టె తెచ్చి తోట మూల గుట్టవేసి, వేసవిలో అక్కడే తగలబెట్టడం చాలా ఊళ్ళలో ఉంది. పిడుగురాళ్ళ బట్టీల్లో సున్నపురాయిని కాల్చే కదా సున్నం చేసేది, కట్టె మంటకి అంత వేడి రాకపోయినా నాపరాయి పైపొర చిట్లడానికి ఆ వేడి చాలు, మీద పట్టిన మసి అదనం. గేదెల్ని సిలువలకి కట్టేసేవాళ్ళకి ఎలాగూ ఎవరో ఒకరు చెప్పాలి.

ఒరిగిన రాళ్ళకి మన నేలే కారణం. నల్లరేగడి వానకి ఉబ్బుతుంది, ఎండకి చెయ్యి దూరేంత పగులిస్తుంది, ఆ రెండింటి మధ్య రాయి ఏటేటా కొంచెం కొంచెంగా కదులుతుంది. కొద్దిగా ఒరిగి గట్టిగా నిలబడి ఉంటే దాన్ని కదపాల్సిన పని లేదు. వేలు పెడితే ఊగుతుంటే మాత్రం ముందు చుట్టూ తాడు కట్టి పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. రాయి బరువు తక్కువ అంచనా వేస్తారు అందరూ: ఒక ఘనపుటడుగు రాయి దాదాపు 75 కిలోలు, మూడడుగుల ఎత్తు, రెండడుగుల వెడల్పు, మూడంగుళాల మందం ఉన్న మామూలు పలకే 110 కిలోలు దాటుతుంది. ఇద్దరు కుర్రాళ్ళు గునపంతో ఎత్తే పని కాదు. చుట్టూ మట్టి తవ్వి వదులు చేసి, రాయికి గోనె సంచులు చుట్టి, వెడల్పాటి బెల్టులతో నలుగురైదుగురు కలిసి మెల్లగా ఎత్తి, కర్ర దుంగల మీద పడుకోబెట్టండి. గునపం మొన నేరుగా అంచుకి ఆనిస్తే అంచు ఎగిరిపోతుంది, మధ్యలో చెక్క పెట్టాలి.

గుంటలోంచి నల్లమట్టి మొత్తం తీసేయండి, రాయికి అన్నివైపులా ఓ అడుగు వెడల్పు ఉండేలా. అడుగున కంకర ఆరంగుళాలు దిమ్మిసా కొట్టి, రాయిని నిలబెట్టి లెవెల్ గొట్టంతో చూసుకుని, చుట్టూ గ్రావెలు, ఇసుక కలిపి పొరలు పొరలుగా కూరుతూ రండి. రాయి మొత్తం పొడవులో మూడో వంతు భూమిలో ఉండాలి, అక్షరాలు మాత్రం లోపలికి పోకూడదు. కాంక్రీటు పోయకండి. కాంక్రీటులో బిగిసిన పలక నేల కదిలినప్పుడు తాను కదలలేక సరిగ్గా నేలమట్టం దగ్గర విరుగుతుంది. ఈ పని మే నెలలో కూడా చేయొద్దు, నేల పూర్తిగా పగిలి ఉన్నప్పుడు నిలబెట్టిన రాయి మొదటి వానకే మళ్ళీ ఒరుగుతుంది.

విరిగిన ముక్కల్ని ఎమ్‌సీల్‌తో అతికించాలని చూడకండి, ఒకసారి అంటుకున్నాక తర్వాత వచ్చే మంచి పనివాడికి కూడా దారి ఉండదు. ముక్కలన్నీ ఏరి, ఏ సమాధివో చీటీ రాసి, చర్చి పక్క గదిలో చెక్కల మీద పెట్టండి. బయట వదిలేస్తే అవి ఎవరి దొడ్లోనో బట్టలుతికే బండగా తేలతాయి, నేనేమీ అతిశయోక్తి చెప్పట్లేదు, మీ ఊళ్ళో బోరింగుల దగ్గర ఒకసారి తిరగేసి చూడండి.

కృష్ణ ఒడ్డు లంక ఊళ్ళకి ఇంకో మాట. 2024 సెప్టెంబర్ మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది, అలాంటి వరద తీసినప్పుడు తోటలో మిగిలేది ఒండ్రు. అది తడిగా ఉండగానే నీళ్ళు పోసి జార్చేయాలి, ఎండి గట్టిపడ్డాక పారతో గీకితే అక్షరాలు పోతాయి. కానీ ఆ బురదలో రాళ్ళ మధ్య నడవడం ప్రమాదం, పాత సమాధులు లోపల గుల్లగా ఉండి కుంగుతాయి, కర్రతో నేల పొడిచి చూసుకుంటూ అడుగు వేయండి.

జేసీబీ పిలవక తప్పకపోతే ముందు రోజే రాళ్ళున్న వరసల చుట్టూ కర్రలు పాతి రిబ్బను కట్టండి, డ్రైవరు పక్కన ఊరి మనిషి ఒకరు ఉండాలి, గడ్డిలో మునిగిపోయిన పలకలు అతనికి కనపడవు. హద్దుల గొడవ ఉంటే సచివాలయంలో గ్రామ సర్వేయరుకి అర్జీ పెట్టి ఎఫ్‌ఎంబీ (సర్వే నంబర్ల కొలతల పుస్తకం) ప్రకారం కొలిపించి, హద్దు రాళ్ళు వేయించుకోండి, పక్క పొలం గట్టు జరుగుతున్నప్పుడే అడగాలి, నాలుగు సమాధులు దున్నాక కాదు. ఎవరైనా మనసు నొప్పించాలనో, మతాన్ని అవమానించాలనో తోటలోకి చొరబడితే భారతీయ న్యాయ సంహిత 301వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు ఉంది. ఫిర్యాదు చేసేటప్పుడు మీరు ముందే తీసి పెట్టుకున్న ఫోటోలు జత చేయండి.

స్థలం చాలక పాత సమాధి మీదే కొత్తది కట్టే ఇళ్ళు ఇప్పుడు చాలా ఉన్నాయి. ఆ ఇంటివాళ్ళందరినీ, బయటి ఊళ్ళో ఉన్నవాళ్ళని కూడా, అడిగాకే పాత రాయి తీయండి. తీసిన రాయిని పారేయకుండా కొత్త సమాధి పాదాల వైపు నిలబెట్టొచ్చు, లేదా ప్రహరీకి ఆనించి తుప్పు పట్టని స్టీలు క్లిప్పులతో పట్టి ఉంచొచ్చు, గోడలో సిమెంటుతో పొదగకండి. ఎక్కడి నుంచి ఎక్కడికి మార్చారో, ఏ తేదీన మార్చారో పుస్తకంలో ఆ నంబరు ఎదురుగా రాసి, ఇంటివాళ్ళలో ఒకరి చేత సంతకం పెట్టించుకోండి.