ఆర్డర్లు ముంచుకురాకముందే ఎంబ్రాయిడరీ మెషిన్‌ను సిద్ధం చేసుకోండి

పని ఒత్తిడి మొదలయ్యాక మెషిన్ విప్పి చూసే తీరిక ఎవరికీ ఉండదు. అందుకే రద్దీకి రెండు మూడు వారాల ముందే ఒక రోజు పని ఆపి అన్నీ చూసుకోవాలి. అరిగిన భాగం ఏదైనా బయటపడితే తెప్పించుకోవడానికి వ్యవధి కావాలి కదా! లోపల చేయి పెట్టే ముందు మెయిన్ స్విచ్ ఆపేయండి. స్టాప్ బటన్ మాత్రమే నొక్కి ఊరుకుంటే, తెలియక మరొకరు స్టార్ట్ నొక్కిన క్షణంలో సూది వేలిలో దిగుతుంది.

అన్నిటికంటే ముందు పీచు సంగతి చూడాలి. సూది పలక విప్పితే హుక్ (కింద తిరుగుతూ పైదారాన్ని అందుకుని కుట్టు వేసే భాగం) చుట్టూ, దారం తెంచే కత్తుల దగ్గర, నూనెలో నానిన పీచు అట్టకట్టి కనిపిస్తుంది. కత్తులు దారాన్ని సరిగా తెంచకపోవడానికి, బట్ట కింద దారం ఉండలు కట్టడానికి చాలాసార్లు ఇదే కారణం. మెత్తని బ్రష్‌తో, పట్టకారుతో ఓపికగా తీయండి. గాలి గొట్టంతో ఊదితే పని త్వరగా అయినట్టే ఉంటుంది గానీ, ఆ పీచులో కొంత లోపలి బేరింగుల్లోకీ ఎలక్ట్రానిక్ బోర్డుల మీదికీ చేరుతుంది. వాక్యూమ్‌తో లాగడమే మేలు. కంట్రోల్ బాక్సు ఫ్యాన్ జాలీని కూడా అప్పుడే దులపండి.

నూనె దగ్గర పిసినారితనమూ పనికిరాదు, ధారాళమూ పనికిరాదు. ఒక్కో కుట్టుకు హుక్ రెండు చుట్లు తిరుగుతుంది. అంటే నిమిషానికి 800 కుట్ల వేగంలో 1600 చుట్లు! అందుకే హుక్ తిరిగే గాడిలో నాలుగు నుంచి ఎనిమిది గంటల పనికి ఒకసారి ఒక్క చుక్క వేయమంటారు. మీ మెషిన్ మాన్యువల్‌లో ఉన్న గడువే ప్రమాణం. కుట్టు మెషిన్ల కోసం అమ్మే తెల్లని పలుచటి నూనె తప్ప మరేదీ వాడకండి. వంటనూనె జిగురు పడుతుంది. గ్రీజు పెట్టవలసిన చోట నూనె పోసినా నష్టమే. నూనె వేశాక పాత గుడ్డ మీద కాసేపు కుట్టించండి, లేకపోతే మొదటి మరక కస్టమర్ బట్ట మీదే పడుతుంది.

ఇక సూదులు. రద్దీకి ముందు అన్ని హెడ్‌లలోనూ (సూదులు బిగించే కుట్టు తలలు) కొత్తవి వేయండి. పొడవాటి గాడి ముందుకు, కన్ను పైన నొక్కు ఉన్న వైపు వెనక్కు ఉండాలి, షాంకు (సూది పైనున్న లావు భాగం) పైదాకా పూర్తిగా ఎక్కాలి. సూది ఖరీదుతో పోలిస్తే చెడిపోయే బట్ట ఖరీదు చాలా ఎక్కువ.

దారం తెగగానే అందరి చెయ్యీ టెన్షన్ నాబ్ (దారం బిగువు మార్చే మర) మీదికే పోతుంది. అది అందుబాటులో ఉండడమే దాని దురదృష్టం! ముందు దారం దారి చూడండి, తర్వాత సూది, ఆ తర్వాత బాబిన్ కేసు (కింది దారం కండెను పట్టి ఉంచే డబ్బీ). కేసు స్ప్రింగ్ కింద ఇరుక్కున్న పోగును గట్టి కాగితం అంచుతో తీసేయండి. దారం కొస పట్టుకుని కేసును వేలాడదీసి మెల్లగా కుదిపితే కొద్దిగా జారి ఆగాలి. దారం బిగువు కొలిచే గేజీ ఉంటే 18 నుంచి 25 గ్రాముల మధ్య చూపడం మామూలు. కింద పడి అంచు వంగిన కేసును బాగుచేసే ప్రయత్నం వద్దు, మార్చేయండి. చివరగా శాటిన్ కుట్టుతో (పక్కపక్కనే ఒత్తుగా నింపే కుట్టు) ఒక అక్షరం కుట్టి తిరగేసి చూడండి. మధ్యలో మూడో వంతు బాబిన్ దారం, అటూ ఇటూ పైదారం కనిపిస్తే నాబ్ జోలికి పోనవసరం లేదు.

హుక్ టైమింగ్ (సూది, హుక్ సరిగ్గా కలిసే సమయపు అమరిక) మాత్రం అలవాటు లేనివారు ముట్టుకోవద్దు. ఫ్రేమ్‌కు తగిలి సూది విరిగాక కుట్లు తప్పుతూ, కొత్త సూది వేసినా ఆగకపోతే మెకానిక్‌ను పిలవండి. విరిగిన సూది ముక్కలన్నీ దొరికేదాకా ఆ మెషిన్‌ను మళ్లీ నడపకండి. హుక్‌లో చిన్న ముక్క మిగిలినా కొత్త హుక్ కొనవలసి రావచ్చు, బట్టలో మిగిలితే తొడుక్కున్నవారికి గుచ్చుకుంటుంది.