చేతులతో లెక్కలు – 3వ పాఠం: బానెకర్ గారి అరవై

పోయిన పాఠంలో అట్టతో పళ్ల చక్రాలు కత్తిరించి, అమెరికా నల్లజాతి గణితజ్ఞుడు బెంజమిన్ బానెకర్ 1753 ప్రాంతంలో చేసిన చెక్క గడియారం గురించి తెలుసుకున్నాం. ఈసారి ఆయన నోటుపుస్తకంలోని ఒక లెక్క చేద్దాం. ఫిబ్రవరిలో అమెరికా బడుల్లో నల్లజాతి చరిత్ర మాసం జరుగుతుంది. అక్కడ చదివే మన తెలుగు పిల్లలూ పోస్టర్లు చేస్తారు. కానీ ఫొటో అంటించి పేరు రాస్తే సరిపోదు. ఆయన చేసిన లెక్క పిల్లలూ చేయాలి.

లెక్క ఇది: 60ని నాలుగు భాగాలు చేయండి. మొదటిదానికి 4 కలిపినా, రెండోదాంట్లోంచి 4 తీసేసినా, మూడోదాన్ని 4తో గుణించినా, నాలుగోదాన్ని 4తో భాగించినా ఒకే సంఖ్య రావాలి.

x జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. చింతగింజలు తీసుకోండి. వచ్చే సంఖ్య 8 అనుకుందాం. అప్పుడు కుప్పలు 4, 12, 2, 32. మొత్తం 50. మనకు 60 కావాలి, చాలలేదు. 16 అనుకుంటే 12, 20, 4, 64. మొత్తం 100. ఊహ రెట్టింపైతే మొత్తం కూడా రెట్టింపైంది! ఇది పిల్లలే కనిపెట్టాలి, టెన్షన్ పడి మీరు ముందే చెప్పేయకండి. 50కి 8 అయితే 60కి ఎంత? 9.6. గింజను ముక్కలు చేయలేం కాబట్టి ఇక కాగితం పట్టుకోవాలి.

60 సెంటీమీటర్ల పొడవున్న కాగితపు పట్టీని 5.6, 13.6, 2.4, 38.4 సెంటీమీటర్ల ముక్కలుగా కత్తిరించండి. మొదటిదానికి 4 సెంటీమీటర్ల ముక్క అతికించండి. రెండోదాంట్లోంచి 4 సెంటీమీటర్లు కత్తిరించేయండి. మూడోదానంత ముక్కలు ఇంకో మూడు చేసి, నాలుగూ వరసగా పేర్చండి. నాలుగోదాన్ని సగానికి మడిచి, మళ్లీ సగానికి మడవండి. నాలుగింటినీ పక్కపక్కన పెడితే పొడవు ఒకటే. నాకు ఈ పాఠంలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే.

బానెకర్‌కు లెక్క కాలక్షేపం మాత్రమే కాదు. 1791లో ఆయన తన పంచాంగం రాతప్రతిని అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి థామస్ జెఫర్సన్‌కు పంపారు. నల్లవారికి ఆలోచనాశక్తి తక్కువని అంతకుముందు రాసిన మనిషి జెఫర్సన్. బానిసత్వం అన్యాయమని నిలదీస్తూ రాసిన ఉత్తరాన్ని కూడా బానెకర్ దానికి జత చేశారు. గ్రహణాల గణన కూడా ఉన్న ఆ పంచాంగమే జెఫర్సన్ మాటకు జవాబు.

ఇంటిపని: రెండో భాగంలోంచి 4 బదులు 3 తీసేయండి. ఇప్పుడు 8 అనుకుంటే మొత్తం 49, 16 అనుకుంటే 99. రెట్టింపు కాలేదు. ఎందుకు? వచ్చే పాఠంలో రెండు ఊహలతో దీన్ని సాధిద్దాం.